బాడుగ ఇల్లు, రక్తపోటు



రక్తపోటు పెరగడానికి గల కారణాలను ఇదివరకే మీకు వివరించి ఉన్నాను. ఉప్పు, ఊబకాయం, నిద్రలేమి, పొగాకు, వంశపారంపర్యం, అన్నీ చెప్పాను. వైద్యగ్రంథాలలో కనిపించని కారణాన్ని ఒకదానిని మాత్రం వదిలివేశాను. అది పదవీ విరమణ తరువాత కూడా కట్టవలసి వచ్చే అప్పు కంతు.

కొంతకాలం క్రితం ఒక ఉపాధ్యాయుడు ఒంటిమిట్టలోని మా ఇంటికి వచ్చారు. వయస్సు 59. మూడు వారాలుగా నిద్ర లేదనీ, తల బరువుగా ఉంటున్నదనీ చెప్పారు. ఐదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టి రెండు చేతులకూ చూశాను. 168/102. చక్కెర, క్రియాటినిన్, ఇసిజి అన్నీ సక్రమంగానే ఉన్నాయి. "మాస్టారూ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే చాలాసేపటికి అసలు సంగతి బయటపడింది. బెంగుళూరు శివార్లలో ఇంకా పునాదులు దాటని అపార్టుమెంటులో ఒక ఫ్లాటు కొన్నారు. కొడుకును కూడా అప్పుపత్రంలో చేర్చి పదిహేనేళ్ళ గడువు పెట్టించుకున్నారు.

"రిటైరయినాక బాడుగ వస్తాది, ఆ బాడుగతోనే కంతు కట్టుకోవచ్చు అని చెప్పినారు సార్" అన్నారాయన.

కంతు నెలకు 38,000. ఇల్లు పూర్తయితే రాగల బాడుగ 18,000. మిగిలిన 20,000 ఎక్కడినుండి వస్తాయన్నది ఆయన లెక్కల పుస్తకంలో లేదు. రక్తపోటు యంత్రంలో కనిపించింది.

ఒక మాత్ర వ్రాసి ఇచ్చి, దానితోపాటు నా సొంత కథ కూడా చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఆస్తుల విషయంలో నేను నిపుణుణ్ణి కాను. ప్రభుత్వ వైద్యుడిగా ఈ జిల్లా పల్లెలలోనూ, కడపలోనూ పనిచేసి, 2008లో 58 ఏళ్ళు నిండగానే విరమణ పొందినవాణ్ణి. ఆ వయస్సు తరువాత 60 అయింది, 2022 నుండి 62 అయింది. పెంచిన ప్రతిసారీ "ఇంకా రెండేళ్ళ జీతం ఉన్నది కదా" అని అప్పు గడువును కూడా పెంచుకున్నవారిని చూశాను. నా జీవితంలో నేను కొన్న ఫ్లాటు ఒక్కటే. 2005లో, కడప ఎర్రముక్కపల్లెలో, రెండు పడకగదులది.

ఒంటిమిట్టలో కూర్చొని విరమణానంతర ఆదాయం గురించి మాట్లాడటం కొంత సాహసమే. ఉద్యోగాన్నీ ఆస్తినీ విడిచి, టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా యాచించి, వచ్చినదంతా కోదండరామాలయ జీర్ణోద్ధరణకు సమర్పించిన వావిలికొలను సుబ్బారావు గారిని ఈ ఊరు ఇప్పటికీ తలచుకుంటుంది. అది మహనీయుల మార్గం. మనబోటివారికి ప్రతి నెలా మొదటి వారంలో మందుల దుకాణానికి వెళ్ళవలసి ఉంటుంది.

2005లో నా వయస్సు 55. విరమణకు మూడేళ్ళున్నది. పెన్షను వస్తుందని తెలుసు. కానీ జీతంలో అది ఎంతవుతుందో, అందులోనూ 40 శాతం కమ్యూట్ చేసుకుంటే పదిహేనేళ్ళపాటు చేతికి ఎంత వస్తుందో కాగితం మీద వేసుకొని చూసినప్పుడు కొంత గుబులు కలిగింది. అయినా నాది పాత పెన్షను. 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగంలో చేరినవారికి ఆ పెన్షను లేదు. వారు నాకన్నా పదేళ్ళు ముందుగా ఈ లెక్క వేసుకోవలసి ఉంటుంది.

మా అన్నకు నా ఆలోచన ఏమాత్రమూ నచ్చలేదు. ఆయన ఊళ్ళోనే ఉండి మామిడితోట చూసుకునేవాడు.

"ఏమిరా, నేల ఇడ్సిపెట్టి గాల్లో గది కొంటాండావా? ఆ దుడ్డుతో తోటలో నాలుగు బోర్లు ఏయొచ్చు గదా" అన్నాడు.

"నాలుగేస్తే నీళ్ళు పడేది ఒకదాంట్లోనే గదన్నా" అన్నాను.

ఆయన నవ్వలేదు. అప్పటికి తోటలో రెండు బోర్లు ఎండిపోయి ఉన్నాయి. సీమలో బోరు మీద నవ్వే రైతు ఉండడు. ఆ మాట అని ఉండకూడదని ఇప్పటికీ అనిపిస్తుంది.

హైదరాబాదులో చదువుకుంటున్న మా అబ్బాయి అక్కడే కొనమన్నాడు. విలువ పెరుగుతుందన్నాడు. అతడు చెప్పింది నిజమైంది. అక్కడ కొని ఉంటే ఈ రోజు నా ఆస్తి విలువ చాలా ఎక్కువగా ఉండేది, ఒప్పుకుంటాను. కానీ నాతో కలిసి పనిచేసిన ఒక వైద్యుడు అక్కడే, కాగితం మీద ఉన్న ఫ్లాటును కొని, తాళం చెవి కోసం అయిదేళ్ళు తిరిగాడు. ఆ అయిదేళ్ళలో ఆయన మధుమేహం అదుపు తప్పింది. రాత్రి బస్సులో వెళ్ళి, బిల్డరు కార్యాలయంలో పగలంతా కూర్చొని, మళ్ళీ రాత్రి బస్సులో వచ్చే మనిషికి వేళకు భోజనమేది, మాత్ర ఏది?

నేను ఒక్క నియమం పెట్టుకున్నాను. కొళాయి కారుతున్నదని ఎవరైనా ఫోను చేస్తే, ఉదయం బస్సెక్కి చూసుకొని మధ్యాహ్న భోజనానికి ఇంటికి రాగలగాలి. ఒంటిమిట్ట నుండి కడప పాతిక కిలోమీటర్ల దూరమే. ఆ నియమంతో హైదరాబాదు, బెంగుళూరు, తిరుపతి మూడూ తొలగిపోయాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అన్ని ఖర్చులతో కలిపి 9,40,000 అయింది. అందులో 3,00,000 నా జిపిఎఫ్ నుండి తీసినది. 4,00,000 బ్యాంకు అప్పు, సరిగ్గా 36 నెలలకు. విరమణ నాటికి తీరిపోయేటట్లు. కంతు పన్నెండున్నర వేలు. ఆ మూడేళ్ళు ఇంట్లో కొత్త వస్తువు కొనలేదు. మిగిలిన 2,40,000 మా ఆవిడవి. ఆమెకు పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర నేల అమ్మగా వచ్చిన సొమ్ము. "నా నేల పోతోంది కాబట్టి కాగితంలో నా పేరు కూడా ఉండాలండీ" అన్నది. ఉండవలసిందే. ఇద్దరి పేర్లతో రిజిస్టరు చేయించాము. ప్రభుత్వోద్యోగి స్థిరాస్తి కొనేటప్పుడు, అది భార్య పేరు మీదనైనా సరే, 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం శాఖకు తెలియపరచాలి. ఆ కాగితం పెట్టి, దాని నకలు భద్రపరచాను. అది పెట్టక విరమణ సమయంలో ఇబ్బందిపడినవారున్నారు.

కడపలో ఏ పేటలో కొనాలన్నది నాకు 2001లోనే తెలిసిందని చెప్పవచ్చు. ఆ ఏడు బుగ్గవంక పొంగి పట్టణంలోకి వచ్చినప్పుడు నేను కడపలోనే విధులలో ఉన్నాను. నీళ్ళు తీసిన తరువాత వారం రోజులపాటు విరేచనాలు, జ్వరాలు, బురదలో జారిపడి విరిగిన చేతులు, ఇవే మా వార్డుల నిండా. నాలుగేళ్ళ తరువాత, అదే వంకకు దగ్గరలో కట్టిన ఒక చక్కని అపార్టుమెంటును మధ్యవర్తి చూపించాడు. ఎర్రముక్కపల్లె ధరకన్నా లక్షన్నర తక్కువ. "వంక ఎప్పుడో ఒకసారి వస్తుంది సార్, రోజూ వస్తుందా" అన్నాడు. రోజూ రాదు. 2020 నవంబరులో నివర్ తుఫానుకు మళ్ళీ వచ్చింది. ఆ అపార్టుమెంటు సెల్లారులో మోటారు సైకిళ్ళు మునిగిపోయాయని తెలిసిన ఒకరు చెప్పారు. ఆ మరుసటి ఏడాదే, 2021 నవంబరులో, మా రాజంపేట వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళమీద పడింది. కరవు సీమ అనుకొని నీటి దారిలో ఇల్లు కొనేవారు ఈ రెండు సంవత్సరాలనూ గుర్తుంచుకోవాలి. ఇల్లు చూడటానికి వానాకాలంలో వెళ్ళండి. మధ్యవర్తి మాట కన్నా ఎదురుగా ఉన్న చిల్లర కొట్టు యజమాని మాట నమ్మదగినది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అతడు గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

చివరకు నచ్చిన అపార్టుమెంటు బ్రౌన్ గ్రంథాలయానికి నడిచి వెళ్ళగల దూరంలో ఉన్నది. (బ్రౌన్ దొర కూడా కడపలో బంగళా కొన్నవాడే. ఆయన దానిని బాడుగకు ఇవ్వలేదు, పండితులను కూర్చోబెట్టి తెలుగు పని చేయించాడు.) బిల్డరు అన్నిటికన్నా పై అంతస్తును చవకగా ఇస్తానన్నాడు. రెండు కారణాల వలన వద్దన్నాను. మొదటిది, మంజూరైన ప్లానులో మూడే అంతస్తులున్నాయి. ఆయన చూపించినది నాలుగవది. 2007 డిసెంబరు 31న ప్రభుత్వం అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకాన్ని ప్రకటించినప్పుడు, ఆ నాలుగవ అంతస్తు కొన్నవారు మిగిలిన సొమ్మంతా జరిమానాకు కట్టుకున్నారు. రెండవ కారణం వైద్యుడిది. కడప ఎండ మీకు తెలియనిది కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి రెండు గంటలదాకా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. వడదెబ్బ పగలే తగులుతుందని జనం అనుకుంటారు. రాత్రిపూట శరీరం చల్లబడే అవకాశం లేకపోవడం వృద్ధులకు పగటి ఎండకన్నా తక్కువ ప్రమాదం కాదు. మూత్రం ఎక్కువగా పోయే రక్తపోటు మాత్రలు వాడేవారికి మరీనూ. బాడుగకు వచ్చేవారు ఈ శాస్త్రమంతా చెప్పలేరు గాని, మే నెలలో ఖాళీ చేసి వెళ్ళిపోతారు.

మొదటి అంతస్తులో తూర్పువైపు ఫ్లాటు తీసుకున్నాను. తీసుకునేముందు అక్కడి బోరునీళ్ళను ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపాను. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే త్రాగకూడదు. మా నీటిలో ఫ్లోరైడు హద్దులోనే ఉన్నది. కాఠిన్యం మాత్రం ఎక్కువ, కాబట్టి త్రాగడానికి మునిసిపల్ కొళాయి ఉండవలసిందేనని తేలింది. కొళాయి ఉన్నది. స్నానాల గదిలో నున్నని టైల్సు తీయించి, గరుకుగా ఉండేవి వేయించాను. తుంటి ఎముక విరిగిన వృద్ధులను ఎంతమందిని చూశానో లెక్కలేదు; వారిలో చాలామంది పడినది స్నానాల గదిలోనే. ఇక లిఫ్టు. మొదటి అంతస్తుకు లిఫ్టుతో పనేమిటి అంటారు. టేపు తీసుకొని లిఫ్టు తలుపు వెడల్పు కొలిచాను. చక్రాల కుర్చీ పడుతుందా అని.

బిల్డరు నవ్వాడు. "బాడుగకిచ్చే ఇంటికి ఇవన్నీ ఎందుకు సార్, మీరేమైనా ఉండబోతారా?"

"ఉండము" అన్నాను. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను.

పత్రాల పరీక్ష గురించి ఎక్కువ వ్రాయను, మీకు న్యాయవాదులున్నారు. ముప్పై ఏళ్ళ ఈసీ, లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను, మీ ఫ్లాటుకు భూమిలో ఎన్ని గజాల అవిభాజ్య వాటా వస్తున్నదో దస్తావేజులో స్పష్టంగా ఉండటం, ఇవి ముఖ్యం. ఆ వాటా ఒక్కటే మా అన్న అడిగిన నేల. మాకు లేని రక్షణ ఇప్పటివారికి ఒకటి ఉన్నది. 2016 నాటి రెరా చట్టం. ఐదు వందల చదరపు మీటర్లు గాని, ఎనిమిది ఫ్లాట్లు గాని దాటిన కట్టడమైతే రెరా నమోదు సంఖ్య అడగండి. గోడ నుండి గోడకు లోపలి కొలత ఎంతో వ్రాసి ఇవ్వమనండి. నిర్మాణ లోపాలు బయటపడితే స్వాధీనం చేసిన అయిదేళ్ళవరకు బిల్డరుదే బాధ్యత. చిన్న పట్టణాలలో ఈ హద్దుకు ఒక్క ఫ్లాటు తక్కువగా కట్టే తెలివి కూడా ఉన్నది, చూసుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. దీనిని మనసు పెట్టి చదవండి.

2006లో మొదటి బాడుగ 3,200. ఏడాదికి 38,400. పన్ను, మరమ్మతులు, ఒక నెల ఖాళీ తీసివేస్తే చేతికి వచ్చినది దాదాపు 29,000. పెట్టిన 9,40,000 మీద అది మూడు శాతం చిల్లర. అదే సమయంలో, 2004లో మొదలైన సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకం 9 శాతం ఇస్తున్నది. అంటే అంతే సొమ్ముకు ఏడాదికి 84,600. అప్పటికి నేను ఇంకా ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి అందులో చేరే అర్హత లేదు గాని, ఉన్నా కూడా లెక్క ప్రకారం నేను చేసినది తెలివితక్కువ పనే. మా ఆవిడ ఈ లెక్క చూసి మూడు రోజులు మాట్లాడలేదు.

తేడా ఎక్కడంటే, ఆ 84,600 పదేళ్ళ తరువాత కూడా పెరగదు. బాడుగ పెరిగింది. ఈ రోజు అది 11,500. ఖర్చులు పోను ఏడాదికి 1,10,000 వరకు మిగులుతున్నది. నేను పెట్టిన సొమ్ము మీద అది దాదాపు 12 శాతం. కానీ ఇరవై ఏళ్ళు ఆగాను. అందుకే యాభై ఏళ్ళ వయస్సులో ఉన్నవారు అడిగితే ఆలోచించమంటాను. అరవై దాటి, గ్రాట్యుటీ చెక్కు చేతబట్టుకొని వచ్చినవారిని వద్దంటాను. ఈ రోజు అదే ఫ్లాటు ధర 38,00,000. అంత పెట్టి కొంటే చేతికి వచ్చేది మూడు శాతం కూడా ఉండదు. అదే సీనియర్ పథకంలో, ఇప్పుడు ఒక్కొక్కరికి 30,00,000 వరకు పరిమితి ఉన్నది, 8.2 శాతం వస్తున్నది. డెబ్బై అయిదేళ్ళవాడికి రేపటి విలువ కన్నా ఈ నెల మందులు ముఖ్యం. పైగా ఫ్లాటును ముక్కలుగా అమ్మలేము. ఆపరేషనుకు లక్ష కావాలంటే వంటగదిని అమ్ముతామా?

బాడుగ ఆదాయానికి పన్ను కట్టవలసి ఉంటుంది. మునిసిపల్ పన్ను తీసివేసి, మిగిలిన దానిలో 30 శాతం మినహాయింపు ఇస్తారు, రశీదులు అవసరం లేదు. నగదు తీసుకొని చూపకపోవడం మంచిది కాదు. నిద్ర పట్టని కారణాలను పెంచుకోవడం ఎందుకు?

మాకు మొదట వచ్చినవారు ఒక బ్యాంకు ఉద్యోగి దంపతులు. 2006లో రిమ్స్ మొదలైనాక ఇద్దరు హౌస్ సర్జన్లు ఉన్నారు. గోడల నిండా మేకులు, కానీ బాడుగ తప్పలేదు. 2011లో ఒక స్టాఫ్ నర్సు, ఆమె భర్త, ఒక కూతురు వచ్చారు. ఇల్లు మా ఇంటికన్నా శుభ్రంగా ఉంచేవారు. పదకొండు నెలల ఒప్పందం వ్రాసుకొని, ఏటా మార్చుకునేవాళ్ళం. అందరూ పదకొండు నెలలకే వ్రాసుకుంటారు. రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే హక్కు యజమానికి ఉండేది.

ఆ హక్కుతో నాకు 2015లో పని పడింది.

మా ఆవిడకు మధుమేహం పద్దెనిమిదేళ్ళుగా ఉన్నది. ఊరందరికీ ఏడాదికి ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని చెప్పినవాణ్ణి నేను. ఆమెకు నాలుగేళ్ళు చేయించలేదు. ఆమె అడగలేదు, నాకు తోచలేదు. వైద్యుడి ఇంట్లో మనిషి ఆరోగ్యంగానే ఉంటుందని ఇద్దరమూ అనుకున్నాము. కాళ్ళ వాపు వచ్చాక చేయిస్తే క్రియాటినిన్ 6 దాటి ఉన్నది. దీనిని గురించి ఇంతకన్నా వ్రాయలేను. మీ ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్నవారికి ఆ రెండు పరీక్షలు ఈ ఏడాది జరిగాయో లేదో ఇప్పుడే చూడండి.

అక్టోబరు నుండి డయాలిసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు, కడపలో. వెళ్ళేటప్పుడు ఫరవాలేదు. తిరిగి వచ్చేటప్పుడు రక్తపోటు పడిపోవడం, పిక్కలు పట్టివేయడం, వాంతి. ఒకరోజు భాకరాపేట దాటాక కారులోనే స్పృహ తప్పింది. కాళ్ళు పైకెత్తి, రోడ్డు ప్రక్కన అరగంట ఉండి, మళ్ళీ వెనక్కు తీసుకువెళ్ళాము. అబ్బాయి అప్పటికి విదేశంలో ఉన్నాడు. ఫోనులో ఒకే మాట: "నాన్నా, మన ఫ్లాటు ఉంది కదా, వాళ్ళను ఖాళీ చేయమనండి."

నాకూ అదే తోచింది. నర్సమ్మకు ఫోను చేయబోతుంటే మా ఆవిడ ఆపింది.

"ఆ పిల్ల పదో తరగతి అండీ. మార్చిలో పరీక్షలు. ఇప్పుడు ఇల్లు మారితే బడి ఎక్కడ, చదువెక్కడ? పరీక్షలు కానీండి."

"నీ సంగతి?"

"కారులో పడుకొని వస్తా. మీరు ప్రక్కన ఉంటారు గదా."

నేను ఆమెతో వాదించాను. రెండు రోజులు వాదించాను. అది వైద్యపరంగా తప్పు నిర్ణయమని ఇప్పటికీ అంటాను. కానీ ఆ కాగితంలో ఆమె పేరు కూడా ఉన్నది. ఆ ఇల్లు సగం ఆమెది, ఆ ఎకరంన్నర నేలది. డయాలిసిస్ కేంద్రానికి దగ్గరలో వేరే గది తీసుకుందామంటే మెట్లు లేనిది, శుభ్రమైన బాత్రూము ఉన్నది దొరకలేదు. అయిదు నెలలకు పైగా తిరిగాము. డయాలిసిస్ అయిన తరువాత గంటసేపు అక్కడే పడుకోబెట్టి, రక్తపోటు రెండుసార్లు చూసి, ఆ తరువాతే బయలుదేరేవాళ్ళం. ఈ విషయం నర్సమ్మకు ఎలా తెలిసిందో తెలిసింది. జనవరిలో ఒకరోజు ఆమే డయాలిసిస్ కేంద్రానికి వచ్చి, మంచం ప్రక్కన నిలబడి, "అమ్మా, ముందే చెప్పి ఉంటే ఖాళీ చేసేవాళ్ళం గదమ్మా" అని ఏడ్చింది. అప్పటినుండి డయాలిసిస్ రోజులలో మధ్యాహ్నం మా ఫ్లాటులోనే, అంటే వాళ్ళ ఇంట్లోనే, మా ఆవిడ రెండు గంటలు పడుకొని సాయంత్రం బయలుదేరేది. ఆ పిల్ల ప్రక్కగదిలో చదువుకునేది.

పరీక్షలు అయినాయి. ఏప్రిల్‌లో వాళ్ళు ప్రక్క వీధికి మారారు, మేము వచ్చాము. ఒంటిమిట్టలో ఎత్తు గడపల మా పాతమిద్దెలో ఆమె అంతకాలం ఉండగలిగేది కాదు. పందొమ్మిది నెలలు ఉన్నాము. గరుకు టైల్సు, తూర్పు కిటికీ, మొదటి అంతస్తు, అన్నీ పనికివచ్చాయి. చక్రాల కుర్చీ లిఫ్టులో పట్టింది, రెండు వ్రేళ్ళ సందుతో. 2017 నవంబరులో ఆమె ఆ ఇంట్లోనే పోయింది.

ఆమె వీలునామా వ్రాయలేదు. ఆమె సగం వాటా చట్టప్రకారం నాకు, అబ్బాయికి, అమ్మాయికి సమానంగా వచ్చింది. వారసుల ధ్రువపత్రం, పిల్లల హక్కు విడుదల దస్తావేజు, మునిసిపాలిటీలో పేరు మార్పు, ఇవన్నీ పూర్తవడానికి ఏడాదిన్నర పట్టింది. విదేశంలో ఉన్న అబ్బాయి సంతకానికే ఆరు నెలలు. అంతా అయినాక నేను నా వీలునామా వ్రాసి రిజిస్టరు చేయించాను. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు గాని, చేయించడం మేలు. మీరూ వ్రాయండి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే.

2015 నుండి రాష్ట్ర ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను మా ఊళ్ళో జరుపుతున్నది. ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధీనంలోకి వచ్చింది. ఒంటిమిట్టలో సెంటు భూమి ధర ఎక్కడికో పోయింది. మా అన్న చెప్పినట్లు ఇక్కడే నాలుగు సెంట్లు కొని ఉంటే కడప ఫ్లాటు ధరకు రెండింతలు ఉండేది. ఆయన ఉన్నంతకాలం ఏడాదికి ఒకసారైనా, కల్యాణం చూసి వస్తూ, ఆ మాట గుర్తు చేసేవాడు. నేను వాదించేవాణ్ణి కాదు.

ఆ ఉపాధ్యాయుడు నా మాట వినలేదు. ఫ్లాటు అట్లాగే ఉంచుకున్నారు. ఇప్పుడు రెండు మాత్రలు వాడుతున్నారు. రక్తపోటు 150 దగ్గర ఉంటున్నది. నెలకొకసారి వస్తారు. వచ్చే నెల తాళం చెవి ఇస్తారట.

బాడుగ వసూళ్ళ పుస్తకం మా ఆవిడ వ్రాసేది. గళ్ళ నోటుపుస్తకం, నెల, తేదీ, మొత్తం, ప్రక్కన "ముట్టినది" అని. 2016 మార్చి వరకు ఆమె దస్తూరీ. ఆ తరువాత రెండు పుటలు ఖాళీ. ఆ తరువాతివి నావి, వైద్యుల చేతివ్రాత గనుక నాకే సరిగా తెలియవు. ఇప్పుడు ఉంటున్నది ఒక ల్యాబ్ టెక్నీషియను కుటుంబం. ఈ నెల బాడుగ 5వ తేదీన జమ అయింది. స్నానాల గదిలో కొళాయి కారుతున్నదని నిన్న ఫోను చేశారు. సోమవారం ఉదయం బస్సుకు వెళ్ళి చూసుకొని రావాలి.